అడవిలోకి బాటెవరిది?

పొద్దున్నే నాలుగడుగుల నడక, కార్తీకంలో వనభోజనం, మేకలకు రెండు కొమ్మలు, బతుకమ్మకు ఒడినిండా పూలు... అడవితో మనకుండే లావాదేవీలు ఇవే. వీటికి ఎవరూ రసీదు రాయించుకోరు. కానీ అదే అడవి నేషనల్ పార్కు అయితే? లోపలికి వెళ్లడం మన హక్కా, లేక ఎవరో దయతలచి ఇచ్చే అనుమతా?

యాచారంలో పొద్దున్నే బస్సెక్కితే ఇబ్రహీంపట్నం, బొంగుళూరు గేటు, తుర్కయాంజాల్, ఇంజాపూర్, బి.ఎన్.రెడ్డి నగర్... అలా సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్ చేరుతుంది. దారి పొడవునా ప్లాట్లు, వెంచర్ల బోర్డులు, ఫంక్షన్ హాళ్లు, మేడ మీద మేడలు. ఊరు దగ్గర పడేకొద్దీ కుడిచేతి వైపు ఆ మేడల వెనకాల దాదాపు 3,600 ఎకరాల పచ్చదనం ఉంటుంది. రోజూ అదే దారిలో కాలేజీకీ, కూరగాయల మార్కెట్‌కీ వెళ్లివచ్చేవాళ్లలో చాలామంది దాని లోపలికి ఒక్కసారైనా వెళ్లి ఉండరు. అది మహావీర్ హరిణ వనస్థలి నేషనల్ పార్కు. అందులో కృష్ణజింకలున్నాయి, చుక్కల దుప్పులున్నాయి, నెమళ్లున్నాయి. చుట్టూ కంచె ఉంది.

యాభై ఏళ్ల కిందట ఆ చోటు ఇప్పటి యాచారం పొలిమేరల్లాగే ఉండేది. ఊరి అవతల తుప్పలు, బండరాళ్లు, నడుమెత్తు గడ్డి. నిజాం కాలంలో అది వేటకు పోయే చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకుని 1975లో దాన్ని జింకల కోసం కేటాయించి ఆయన పేరు పెట్టారు. వేటాడిన చోటుకే అహింసను బోధించిన మహానుభావుడి పేరు! 1994లో నేషనల్ పార్కు అయింది. అదే ఏడాది చిలుకూరు దగ్గర మృగవనికీ ఆ హోదా వచ్చింది. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న గుట్టలు కూడా 1990ల్లోనే మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట కేబీఆర్ పార్కు అయ్యాయి. తెలంగాణలో ఉన్న నేషనల్ పార్కులు ఈ మూడే. మూడూ హైదరాబాదు చుట్టుపక్కలే. నల్లమలలో పులులు తిరిగే అమ్రాబాద్‌ కూడా నేషనల్ పార్కు కాదు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరున్న కేబీఆర్ మాత్రం నేషనల్ పార్కు!

నవ్వొచ్చే సంగతే కానీ, దీని వెనక చాలామందికి తెలియని ఒక తిరకాసు ఉంది.

ఒక్క క్లాజు తేడా

అడవి ఊరికి ఆనుకుని ఉన్నంతకాలం దారి గురించి ఎవరూ అడగరు. బండ్లబాట ఉంటుంది, మేకలబాట ఉంటుంది, గుట్ట మీది గుడికి మెట్లుంటాయి. యాచారం మండలంలో తాడిపర్తి వైపు గుట్టల్లోకి వెళ్లేవాళ్లకైనా, రాష్ట్రంలో మరే చిట్టడవి అంచున ఉన్న ఊరివాళ్లకైనా ఇది అనుభవమే. ఎండాకాలంలో తునికి పండ్లు, వానలు వెనకబడగానే సీతాఫలాలు, పెత్తరమాస వచ్చిందంటే గునుగు, తంగేడు. విస్తళ్లకు మోదుగాకులు, హోలీకి మోదుగ పూలు. గొల్లకురుమలకైతే గుట్టే బతుకుతెరువు. ఫారెస్టోళ్లు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడం, వాళ్లు పోయాక మళ్లీ గొర్రెల్ని తోలుకెళ్లడం... ఇదంతా కాగితం మీద ఎక్కడా ఉండదు. తరతరాలుగా నడుస్తోంది కాబట్టి నడుస్తుంది.

ఈ గుట్టలు ఉత్త గుట్టలేం కాదు కూడా. 2020 జనవరిలో నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో పొలం కంచెకు చిక్కుకున్న చిరుతను మత్తుమందిచ్చి పట్టుకున్నారు. పాపం, అది బతకలేదు. మనుషులూ మృగాలూ ఒకే బాటను వంతులవారీగా వాడుకునే ప్రాంతమిది.

మరి అలాంటి చోటును ప్రభుత్వం వన్యప్రాణుల కోసం ప్రకటిస్తే ఏమవుతుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి అభయారణ్యం, రెండోది నేషనల్ పార్కు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ ముందు ప్రభుత్వం తన ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది. తర్వాత జిల్లా కలెక్టరు ఆ భూమి మీద ఎవరెవరికి ఏయే హక్కులున్నాయో విచారిస్తారు. తేడా వచ్చేది ఆ తర్వాతే.

అభయారణ్యం విషయంలో కలెక్టరు ముందు మూడు మార్గాలుంటాయి. ఆ హక్కున్న భూమిని ప్రతిపాదిత హద్దుల్లోంచి తప్పించడం ఒకటి. పరిహారమిచ్చి హక్కును తీసేసుకోవడం రెండోది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి ఆ హక్కును అలాగే కొనసాగనివ్వడం మూడోది. 24వ సెక్షన్‌లో ఈ మూడో మార్గానిది 'సి' క్లాజు. నేషనల్ పార్కుల గురించి చెప్పే 35వ సెక్షన్ దగ్గరికొచ్చేసరికి, పై నిబంధనలన్నీ వర్తిస్తాయి, ఆ ఒక్క 'సి' క్లాజు తప్ప... అని రాసి ఉంటుంది.

అంతే! బ్రాకెట్లలో ఇమిడిపోయిన నాలుగు మాటలు. వాటితో మేకల బాట, పూల బాట, పండ్ల బాట అన్నీ మూసుకుపోతాయి. హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడ్డాకే నేషనల్ పార్కు తుది ప్రకటన వెలువడుతుంది. పశువుల మేత అసలే కుదరదని అదే సెక్షన్ విడిగా మరోసారి చెబుతుంది. అనుమతి పొందిన మనిషి ఎక్కి వెళ్లే జంతువు అయితే తప్ప పశువు లోపల అడుగుపెట్టకూడదు. అంటే గుర్రమెక్కి వెళ్లే సాహెబుకు వెసులుబాటు ఉంది, గొర్రె వెనక నడిచే కురుమకు లేదు!

పాసుంటే పర్యాటకుడు

అలాగైతే కేబీఆర్ పార్కులో ప్రతి ఉదయం వేలాది కాళ్లు ఎలా నడుస్తున్నాయి?

చట్టం ప్రకారం నేషనల్ పార్కులోకి ఊరికే వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే. డ్యూటీ మీదున్న ప్రభుత్వ ఉద్యోగి, లోపల స్థిరాస్తి హక్కున్న మనిషి, పార్కు గుండా పోయే పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణించేవాళ్లు, ఇలాంటివాళ్ల మీద ఆధారపడి బతికే కుటుంబ సభ్యులు. మిగిలినవాళ్లంతా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాల్సిందే. ఆ అనుమతి దేనికిస్తారో 28వ సెక్షన్ చెబుతుంది. వన్యప్రాణుల పరిశీలన, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో న్యాయమైన పని. 2022 సవరణలో సినిమా చిత్రీకరణను కూడా కలిపారు, అడవికి మార్పేమీ చేయకూడదన్న షరతుతో.

ఇందులో ఎక్కడా 'ఉదయపు నడక' అన్న మాట లేదు. డాక్టరు చెప్పాడని షుగరు తగ్గించుకోవడానికి పదిహేనేళ్లుగా ఒకే బాటలో తిరుగుతున్న పెద్దాయన కూడా చట్టం దృష్టిలో ఓ పర్యాటకుడే. ఆయన జేబులో ఉన్న ఏడాది పాసు హక్కు పత్రం కాదు, షరతులతో ఇచ్చిన అనుమతి. రేపు వేళలు తగ్గించినా, రుసుము పెంచినా, నెమళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఓ బాటను మూసేసినా కాదనడానికి పెద్దగా ఆధారముండదు.

అయినా కేబీఆర్‌లో అమల్లో ఉన్న ఏర్పాటును మెచ్చుకోవాల్సిందే. అక్కడ అడవిని ఉల్లిపాయలా పొరలుగా విభజించారు. కంచె బయట పార్కును చుట్టివచ్చే నడకదారి ఉంది. అది అందరిదీ, టిక్కెట్టు లేదు. కంచె లోపల మరో బాట ఉంది. దానికి టిక్కెట్టు గానీ పాసు గానీ కావాలి, ఉదయం సాయంత్రం నిర్ణీత వేళల్లోనే. ఆ బాటకు లోపలివైపున్న అడవి మొత్తం నెమలికీ, ముంగిసకూ, పాముకూ, పక్షికీ. నగరం నడిబొడ్డున నాలుగు వందల ఎకరాలు కూడా లేని చోట 600కు పైగా మొక్కల జాతులు, 140 రకాల పక్షులు ఉన్నాయన్న లెక్క చాలాకాలంగా వినిపిస్తోందంటే, ఆ మూడో పొరలోకి మనుషులు పోకపోవడమే కారణం.

విచిత్రమేమిటంటే ఆ పార్కుకు పెద్ద గండం నడిచేవాళ్ల వల్ల రాలేదు. చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలని 2016లో తలపెట్టినప్పుడు, వందల చెట్లు పోతాయని వీధిలోకి వచ్చింది ఈ నడిచేవాళ్లే. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి చెట్ల నరికివేత ఆగింది. పార్కు చుట్టూ పర్యావరణపరంగా కాపాడుకోవాల్సిన మండలాన్ని కేంద్రం 2020లో ఖరారు చేసింది. దాని వెడల్పు ఎంతో తెలుసా... కొన్నిచోట్ల 3 మీటర్లు, అత్యధికంగా 29.8 మీటర్లు! ఓ చీర పొడవంత కూడా లేని చోట్లున్నాయన్నమాట. నేషనల్ పార్కుల చుట్టూ కనీసం కిలోమీటరు వదలాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పినా, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని సడలించింది. 2024లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదన కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. రోజూ లోపల నడిచే మనిషికి ఆ చెట్టు పోతే తెలుస్తుంది. ఎప్పుడూ చూడనివాళ్లకు ఎలా తెలుస్తుంది? జనాన్ని పూర్తిగా బయట పెడితే అడవికి సాక్షులుండరన్న వాదనకు కేబీఆర్‌ను మించిన ఉదాహరణ మన దగ్గర లేదు.

గడ్డిలో దాక్కున్న పిల్ల

అలాగని తలుపులన్నీ బార్లా తెరిచేయొచ్చా? దీనికి జవాబు హరిణ వనస్థలి గడ్డిలో ఉంది.

కృష్ణజింకది మైదానాల బతుకు. దట్టమైన చెట్లకన్నా దూరం దాకా కనిపించే గడ్డినేలే దానికి ఇష్టం. ఆపద వస్తే దాక్కోదు, పరుగెత్తుతుంది. కానీ దాని పిల్ల పుట్టిన మొదటి రోజుల్లో పరుగెత్తలేదు. తల్లి దాన్ని గడ్డిలో కదలకుండా పడుకోబెట్టి దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రం వచ్చిపోతుంది. అటుగా సరదాగా నడిచివచ్చిన కుటుంబానికి ఆ పిల్ల కనిపించదు. వాళ్ల వెంట వచ్చిన కుక్కకు మాత్రం వాసన తగులుతుంది. మనుషులు అక్కడే కూర్చుని పులిహోర పొట్లం విప్పితే తల్లి దగ్గరికి రాదు. నెమలి కూడా గూడు కట్టేది చెట్టు మీద కాదు, నేల మీదే. మన వనభోజనాలకు చల్లగా, పచ్చగా, అనువుగా కనిపించే పొద ఆ పక్షికి పురిటిగది.

ఇక వేసవిలో ఆర్పకుండా పడేసిన ఒక బీడీ ముక్క చాలు, ఎండిన గడ్డి ఎకరాల కొద్దీ తగలబడటానికి. ఉప్పు, నూనె అంటిన ప్లాస్టిక్ కవరును దుప్పి నములుతుంది. చట్టం 27వ సెక్షన్‌లోనే జంతువును వేధించకూడదు, చెత్త వేయకూడదు అని రాసి ఉంది. కోతికి బిస్కెట్టు పెట్టడం పుణ్యమే అనుకునే మనకు అది వేధించడం కిందికే వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. తిండి అలవాటైన కోతి పార్కులో ఆగదు. పక్కనున్న కాలనీలో వంటింటి కిటికీ దాకా వస్తుంది.

కాబట్టి కంచె తప్పు కాదు. తలుపు ఎక్కడుంది, ఎవరికి అందుబాటులో ఉంది అన్నదే పేచీ. హరిణ వనస్థలి గేటు విజయవాడ హైవే మీద ఆటోనగర్ వైపు ఉంది. కారున్న కుటుంబానికి అదో చిన్న మలుపు. యాచారం నుంచి వచ్చే కుటుంబం మాత్రం బస్సు దిగి, మరో బస్సో ఆటోనో పట్టుకోవాలి. పిల్లలకూ పెద్దలకూ టిక్కెట్లు తీసుకోవాలి. లోపల వాహనంలో తిరగాలంటే దానికి వేరే రుసుము. ఒక్కొక్కటీ తక్కువే కావచ్చు. అన్నీ కలిపితే కూలికి వెళ్లే ఇంట్లో ఓ రోజు ఖర్చు. ఒకప్పుడు ఇలాంటి గుట్టల్లోకి చెప్పులు కూడా లేకుండా ఊరికే వెళ్లివచ్చిన మనిషి, తన మనవడికి జింకను చూపించాలంటే పర్సు చూసుకోవాల్సి వస్తోంది. ఈ లెక్కను అటవీశాఖ ఆదాయం పద్దులో చూపరు గానీ, చూపాల్సిన లెక్కే.

దేవుడి దారిలో పులి

మన జనం అడవిలోకి నడిచే మరో దారి ఉంది. దాన్ని ఆపడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. అది దేవుడి దారి.

తిరుమల చుట్టూ ఉన్న శేషాచలం అడవుల్లో 1989లోనే శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు ఏర్పడింది. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. అలిపిరి మెట్ల దారిలో గోవింద నామస్మరణతో నడిచేవాళ్లకు ఒక పక్కన చిరుతలు తిరిగే అడవి ఉందన్న స్పృహ పెద్దగా ఉండేది కాదు. 2023 జూన్‌లో ఓ బాలుడిపై చిరుత దాడి చేసింది, అదృష్టవశాత్తూ బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప బలైపోయింది. అప్పుడు కదిలారు. మధ్యాహ్నం 2 గంటల తర్వాత పిల్లల్ని ఆ దారిలో అనుమతించకపోవడం, భక్తుల్ని గుంపులుగా పంపడం, చేతికి కర్ర ఇవ్వడం, బోన్లు, కెమెరాలు... కర్ర సంగతిపై అప్పట్లో బోలెడు జోకులు పేలాయి. కానీ అక్కడ జరిగిందేమిటో గమనించండి. దారి మూసేయలేదు. వేళ మార్చారు, నడిచే పద్ధతి మార్చారు. కోట్ల మంది నమ్మకంతో ముడిపడిన బాట కాబట్టి మూసేయడమన్న మాటే రాలేదు. మేకల బాటకు ఆ బలం ఎక్కడిది?

అదే శేషాచలంలో తుంబుర తీర్థం ఉంది. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి భక్తులు అడవి దారిలో అక్కడికి నడుస్తారు. మన నల్లమలలో సలేశ్వరం కూడా అలాంటిదే. చైత్ర పౌర్ణమి వచ్చిందంటే లోయలోని లింగమయ్య దగ్గరికి జనం బారులు తీరుతారు. చెంచులే అక్కడ పూజారులు. ఏడాదిలో ఆ కొద్ది రోజులే దారి తెరుచుకుంటుంది. మిగతా రోజులన్నీ అడవివి. ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో తిథి చెబుతుంది కాబట్టి ఎవరూ వాదించరు. పెద్దలు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, సంవత్సరానికి ఒకసారి మాత్రమే అడవిని తొక్కడమన్న ఆ కట్టుబాటు ఇప్పటి వన్యప్రాణి నిపుణులు చెప్పే మాటకు దగ్గరగానే ఉంది. ఎటొచ్చీ, ఒకప్పుడు వందల్లో వచ్చే జనం ఇప్పుడు జీపుల్లో, కార్లలో పోటెత్తుతున్నారు. తిథి మారలేదు, కాళ్ల సంఖ్య మారింది.

హక్కిచ్చినా హద్దు తప్పలేదు

నడిచే హక్కును చట్టంలోనే రాసుకున్న దేశాలున్నాయి. స్వీడన్‌లో అడవిలో ఎవరైనా నడవొచ్చు, రాత్రి గుడారం వేసుకోవచ్చు, బెర్రీ పండ్లు కోసుకోవచ్చు. ఆ అందరి హక్కు వాళ్ల రాజ్యాంగంలోకీ ఎక్కింది. అయినా నేషనల్ పార్కుల్లో మాత్రం ఏ పార్కు నిబంధనలు ఆ పార్కువే. ఇంగ్లండులో 1932లో వందలాది కార్మికులు జమీందార్ల వేటభూమిగా ఉన్న కిండర్ స్కౌట్ కొండ మీదికి చెప్పి మరీ చొరబడి నడిచారు. కొందరు జైలుకెళ్లారు. ఆ తర్వాత పదిహేడేళ్లకు అక్కడ నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. వాళ్లకు నేషనల్ పార్కంటే జనానికి తలుపు తెరవడం, మనకేమో మూయడం!

స్కాట్లాండ్ 2003లో ఇంకో అడుగు ముందుకేసింది. బాధ్యతగా మసలుకుంటే చాలు, మోటారు బండి లేకుండా దాదాపు ఏ భూమిలోకైనా, నీటిలోకైనా వెళ్లే హక్కు ప్రతి మనిషికీ ఉందని చట్టం చేసింది. నేషనల్ పార్కులకూ అది వర్తిస్తుంది. ఏమైంది? నగరానికి దగ్గరగా ఉండే లాక్ లోమండ్ సరస్సు ఒడ్డున వారాంతాల్లో గుడారాలు, తాగి పారేసిన సీసాలు, చెట్లు నరికి వేసిన మంటలు. తట్టుకోలేక 2011లో తూర్పు ఒడ్డున, 2017లో మరిన్ని ఒడ్లలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా అనుమతి లేకుండా గుడారం వేయడాన్ని నిషేధించారు. నడక హక్కు మాత్రం అలాగే ఉంచారు. గుడారం వేరు, నడక వేరు అని విడదీసి చూశారన్నమాట. మన దగ్గర ఆ విడదీయడమే లేదు. మోదుగాకులు కోసే ముసలమ్మా, గొడ్డలి పట్టిన స్మగ్లరూ కంచె ముందు ఒకటే.

గిరిజనుల విషయంలో కొంత నయం. 2006 అటవీ హక్కుల చట్టం అడవి అన్న మాటలో అభయారణ్యాలతో పాటు నేషనల్ పార్కుల్నీ కలిపింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో ఉంటూ దానిమీదే ఆధారపడిన గిరిజనులు అక్కడా హక్కు అడగొచ్చు. చెంచులకు అది పెద్ద ఆసరా. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అలా బతుకుతున్నామని రుజువు చూపాలి. ఊళ్లో ఇల్లుండి, గుట్ట మీద గొర్రెలు కాసుకునే కురుమ ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తాడు? తాత నడిచిన బాటకు పహాణీ ఉండదు కదా.

రేపటి వనస్థలి ఎక్కడ?

ఇప్పుడు మళ్లీ సాగర్ రోడ్డెక్కి వెనక్కి వద్దాం. 2025లో ప్రభుత్వం ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీని ఏర్పాటు చేసింది. దాని పరిధిలోకి వచ్చిన ఏడు మండలాల్లో యాచారం ఒకటి. కందుకూరు, కడ్తాల్, మంచాల, ఇబ్రహీంపట్నం కూడా ఉన్నాయి. ఈ మాట వినగానే ఎకరం ధర ఎంతన్నదే అందరి నోటా. గుట్టల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వనస్థలిపురం చుట్టూ కాలనీలు లేచినప్పుడూ ఇంతే జరిగి ఉంటుంది.

నగరం పెరిగితే దాని మధ్యలో మిగిలే అడవికి విలువ పెరుగుతుంది. ఇప్పటికే హైదరాబాదు చుట్టూ చాలా రిజర్వు అడవుల్లో అర్బన్ ఫారెస్ట్ పార్కులు వెలిశాయి. సాగర్ రోడ్డు మీదే గుర్రంగూడ దగ్గర సంజీవని వనం కనిపిస్తుంది. పద్ధతి కేబీఆర్‌దే. అడవిలో కొంత భాగంలో నడకదారి, పిల్లల ఆటస్థలం, మిగిలిందంతా చెట్లకూ జంతువులకూ. చుట్టూ కంచె. మంచి ఏర్పాటే. కానీ ఆ నడకదారి గీసేటప్పుడు కొత్తగా వచ్చే అపార్టుమెంటువాసి అవసరం గుర్తుకొచ్చినంతగా, అప్పటిదాకా అక్కడే గొర్రెలు కాసిన మనిషి గుర్తుకు రాడు. కొత్తవాళ్లకు బాట వస్తుంది, పాతవాళ్లకు పోతుంది.

గడ్డి మొత్తం గొర్రెలకే వదిలేయమని ఎవరూ అనడం లేదు. అతిగా మేస్తే గుట్ట బోడిదవుతుందని అందరికన్నా ముందు తెలిసేది కురుమకే. సలేశ్వరానికి తిథి ఉన్నట్టే బతుకమ్మ పూలకు ఓ తొమ్మిది రోజులు, సీతాఫలాలకు ఓ నెల, ఊరి గుడికి ఓ బాట, ఊరివాళ్లకు టిక్కెట్టు లేని ఓ పూట... రిజర్వు అడవిలోనైనా, అభయారణ్యంలోనైనా ఇలాంటివి కాగితం మీద పెట్టుకోవడానికి చట్టంలో చోటుంది. రిజర్వు అడవిని ప్రకటించేటప్పుడే బాట, నీరు, మేత హక్కుల్ని విచారించి నమోదు చేసే పద్ధతి మన అటవీ చట్టంలో మొదటి నుంచీ ఉంది. చోటు లేనిది నేషనల్ పార్కు అయ్యాకే.

వన్యప్రాణి చట్టం కింద ఏదైనా ప్రాంతాన్ని ప్రకటించాలనుకున్నప్పుడు కలెక్టరు ఆ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ స్థానిక భాషలో, అంటే ఇక్కడైతే తెలుగులో, ప్రకటన వేయాలి. హద్దులేమిటో అందులో చెప్పాలి. హక్కులున్నవాళ్లు ఏ హక్కు, ఎంత మేరకు, పోతే ఎంత పరిహారం కావాలి అన్నది రాతపూర్వకంగా చెప్పుకోవాలి. గ్రామ పంచాయతీ గోడ మీద అలాంటి కాగితం కనిపిస్తే, దానికి గడువు రెండు నెలలు.